మేరీ చెప్పిన రెండో మాట

చీకట్లో కూర్చునే ఉద్యోగం

నాటకాల్లో పనిచేశానని చెబితే మనవాళ్ళు ముందుగా అడిగేది, "ఏ వేషాలు వేసేవారండీ?" అని. ఏ వేషమూ వేయలేదు, నేను స్టేజ్ మేనేజర్‌ని అనగానే వాళ్ళ మొహంలో ఉత్సాహం చప్పున ఆరిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఉగాది ఫంక్షన్‌కి మైకులూ కుర్చీలూ చూసుకోమని నాకే ఫోను వస్తుంది. ఇంగ్లండ్ వచ్చి బర్మింగ్‌హామ్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఇదే తంతు.

ఈ ఏడాది, అంటే 2019లో, రిటైరయ్యాను. అప్పటినుంచి మనవాళ్ళ పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. ఇక్కడే పుట్టినవాళ్ళు కొందరు, హైదరాబాదు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి మనసు మారినవాళ్ళు ఒకరిద్దరు. "ఆంటీ, థియేటర్‌లో జాబ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. పక్కనే వాళ్ళ అమ్మ కూర్చుని, పిల్లని నేనే చెడగొట్టినట్టు చూస్తూ ఉంటుంది. ఆ చూపుకి భయపడి సగం సంగతులు చెప్పకుండా పంపేశాను. మిగతా సగం ఇది.

స్టేజీ పక్కన, ప్రేక్షకులకు కనబడని మూల ఒక చిన్న బల్ల ఉంటుంది. దాని మీద నీలం బల్బు, నా నెత్తి మీద హెడ్‌సెట్. లైట్ల మనిషి, సౌండ్ మనిషి, తెర లాగే మనిషి అందరూ చెవుల్లో నా గొంతు కోసం కాచుకుని ఉంటారు. "స్టాండ్ బై" అంటే సిద్ధంగా ఉండమని. "గో" అంటే ఇక కానిమ్మని. ఈ ఆజ్ఞని క్యూ అంటాం. పొద్దు పొడవాలన్నా, ఉరుము ఉరమాలన్నా నేను గో అనాలి.

రిహార్సల్స్ జరిగినన్నాళ్ళూ నాటకం దర్శకుడిది. పత్రికలవాళ్ళు వచ్చి చూసే రోజుని ప్రెస్ నైట్ అంటారు. అది దాటాక దర్శకుడు ఇంకో ఊళ్ళో ఇంకో నాటకానికి వెళ్ళిపోతాడు. ఆ రోజునుంచి నాటకం స్టేజ్ మేనేజర్ చేతిలోకి వస్తుంది. మార్చే హక్కు చేతికి వచ్చిందనుకునేరు, అది కాదు. మారకుండా చూసుకునే బాధ్యత వస్తుంది. నటుడు ఒక మాట మింగినా, నవ్వు వచ్చింది కదా అని ఒక సన్నివేశాన్ని సాగదీసినా, వెళ్ళి మర్యాదగా చెప్పాలి. పేరున్న నటులు మూతి ముడుచుకుంటారు. టీవీలో కనబడే ఒకాయన నాతో ఒక సీజనంతా మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోయినా ఆయన మీద లైటు పడాల్సినప్పుడు పడింది, అంతకంటే నాకేం కావాలి?

వ్యాన్ రోజులు

మాది నరసరావుపేట. మా ఆయనకి ఇక్కడ రైల్వే సిగ్నళ్ళలో ఉద్యోగమైతే పెళ్ళి చేసుకుని వచ్చాను. ఎనభైల్లో ఒక చిన్న నాటక బృందంలో బట్టలు కుట్టడానికి చేరాను. వాళ్ళకి మనుషులు తక్కువ, పని ఎక్కువ. సూదీ దారం పట్టుకుని వెళ్ళినదాన్ని హెడ్‌సెట్ పెట్టుకుని బయటికి వచ్చాను.

అవి రాజకీయ నాటకాల రోజులు. గనులు మూసేస్తున్నారు. ఫ్యాక్టరీలు మూసేస్తున్నారు. ఆసుపత్రుల్లో ఊడ్చే పని, ఉతికే పని కాంట్రాక్టర్లకు ఇచ్చేస్తున్నారు. మన రంగువాళ్ళని వీధుల్లో కొడుతున్నారు. దేశంలో ఎవరికో ఒకరికి కోపం వచ్చిన కొన్నాళ్ళకే అది నాటకమై మా వ్యాన్ ఎక్కేది. మేం ఆడింది పెద్ద థియేటర్లలో కాదు. యూనియన్ హాళ్ళు, కార్మికుల క్లబ్బులు, స్కూలు జిమ్ములు. ఒకవైపు బీరు పోస్తుంటారు, ఇంకోవైపు మా నాయిక ఏడుస్తూ ఉంటుంది.

మా బృందానికి పెద్ద హ్యారీ. యార్క్‌షైర్ మనిషి, మాట కరుకు. "నీ అభిప్రాయాన్ని వ్యాన్‌లో పెట్టి తాళం వేసి లోపలికి రా" అనేవాడు. నాకు మొదట్లో ఒళ్ళు మండేది. న్యాయం కోసం నాటకాలు వేస్తూ అభిప్రాయం వద్దంటాడేమిటని.

ఒక గనుల ఊళ్ళో అర్థమైంది. ఆ నాటకంలో ఒక పోలీసు పాత్ర ఉంది. అతను స్టేజీ మీదికి రాగానే, సమ్మెలో పోలీసుల దెబ్బలు తిన్న ఆ జనం లేచి అరవడం మొదలుపెట్టారు. మా లైట్ల మనిషి బెర్నీ పొంగిపోయి, తనూ బెంచీ ఎక్కి పిడికిలి ఎత్తి నినాదాలు ఇస్తున్నాడు. అక్కడ లైటు ఆరిపోవాలి. ఆర్పేవాడేడీ? పోలీసు వేషం వేసిన కుర్రవాడు, స్వతహాగా చీమకైనా అపకారం చేయనివాడు, ఆ వెలుగులో ఎటూ పోలేక నిలబడి చెమటలు కక్కాడు. ఎవరో గ్లాసు కూడా విసిరారు. తర్వాత హ్యారీ బెర్నీని పక్కకి తీసుకెళ్ళి, "నినాదాలకి ఊరంతా ఉంది. లైటుకి నువ్వొక్కడివే" అన్నాడు. అంతకు మించి తిట్టలేదు.

ఆ నాటకాలన్నీ గొప్పవని చెప్పను. చాలావాటిలో యజమాని చుట్ట కాలుస్తూ వస్తాడు, కార్మికుడు దగ్గుతూ వస్తాడు, వాళ్ళిద్దరూ నోరు తెరవకముందే ఎవరు మంచివాడో మనకు తెలిసిపోతుంది. ఒప్పుకునేవాళ్ళే వచ్చి, ఒప్పుకునే మాటలే విని, ఒప్పుకుంటూ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. కానీ అప్పుడప్పుడూ ఒక నాటకంలో క్లబ్బు మొత్తం బీరు తాగడం ఆపేసి వినేది. ఆ నిశ్శబ్దం విన్నాక నేను ఇంకో ఉద్యోగం వెతుక్కోలేదు.

పాత కోపాలకు కొత్త ముస్తాబు

2008లో బ్యాంకులు కుప్పకూలాయి. ఆ తర్వాత కౌన్సిళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీలు, డబ్బు లేదని లైబ్రరీలనూ ముసలివాళ్ళ డే సెంటర్లనూ మూయడం మొదలుపెట్టాయి. దానితో థియేటర్లకు ఎనభైల నాటకాలు గుర్తుకొచ్చాయి. అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి మళ్ళీ ఆడడం మొదలుపెట్టారు. అప్పటికి నేను బర్మింగ్‌హామ్‌లో ఒక స్థిరమైన థియేటర్లో ఉన్నాను. దర్శకులందరూ కుర్రవాళ్ళు, ఆ నాటకాలు రాసిన కాలంలో పుట్టినవాళ్ళు.

వాళ్ళని చూస్తే నాకు ముచ్చటగానూ ఉండేది, చిరాకుగానూ ఉండేది. ఒక అబ్బాయి సమ్మెలో పట్టుకునే నినాదాల అట్టలన్నీ టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టమన్నాడు, పాతగా కనబడాలట. "సమ్మె ఆ పొద్దునే మొదలైంది నాయనా, అప్పుడవి కొత్త అట్టలే" అన్నాను. ఒప్పుకున్నాడు గానీ మనసుకు పట్టలేదు. అతనికి ఆ కాలమే టీ రంగులో కనబడుతోంది.

పాత రాజకీయ నాటకంతో వచ్చే చిక్కు ఇదే. రాజుల నాటకంలో రాజు చచ్చి వందల ఏళ్ళు, మన మీద కేసు వేయడు. నిన్న మొన్నటి నాటకంలో మనుషులు ఇంకా బతికే ఉంటారు. పెద్దవాళ్ళకిచ్చే ఫ్రీ పాస్ పట్టుకుని బస్సు ఎక్కుతుంటారు, డాక్టరు దగ్గర మన పక్క కుర్చీలో కూర్చుంటారు. మీరు ఈ పనిలోకి వస్తే ఈ సంగతి మాత్రం మరిచిపోకండి. నాకు అది నేర్పిన మనిషి పేరు సువార్తమ్మ.

మేరీ

2013లో మా థియేటర్ లాండ్రీ నాటకం ఒకటి ఎత్తుకుంది. ఎనభైల్లో తూర్పు లండన్‌లో ఒక ఆసుపత్రి లాండ్రీని కాంట్రాక్టరుకి ఇచ్చేస్తామంటే అక్కడ దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళు సమ్మె చేశారు. ఎక్కువమంది పంజాబీలు, గుజరాతీలు, కరీబియన్ దీవులవాళ్ళు. నెలల తరబడి గేటు ముందు నిలబడి చివరికి ఓడిపోయారు. మొయిరా అనే స్కాటిష్ రచయిత్రి టేప్ రికార్డర్ పట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు మాట్లాడిన మాటలనే కత్తిరించి అతికించి నాటకం చేసింది. అప్పట్లో ఆ పద్ధతికి మంచి గిరాకీ. ఇందులో ఒక్క మాట కూడా రచయిత్రిది కాదు, అన్నీ ఆ ఆడవాళ్ళవే అని పోస్టరు మీద వేసుకునేవాళ్ళు. మాటలు వాళ్ళవే, నిజమే. కత్తెర మాత్రం రచయిత్రిదే కదా.

ఆ నాటకంలో మేరీ అనే పాత్ర ఉంది. సమ్మె మధ్యలో గేటు దాటి పనిలోకి వెళ్ళిపోయిన మనిషి. కోటు గుండీలు పెట్టుకుంటూ, "నాకు మా ఇల్లు ముఖ్యం. మీ పోరాటం మీది" అంటుంది. ఆ మాట పూర్తవగానే నేను గో అంటాను. ఇనప గేటు దభాలున మూసుకున్న చప్పుడు, స్టేజీ అంతా చీకటి. ప్రతిరోజూ ఆ చీకట్లో జనం మేరీ మీద అసహ్యంతో బుస కొట్టేవాళ్ళు, ఇక్కడ ఛీకొట్టే పద్ధతి అది. నాటకం మొత్తంలో గొప్ప క్షణం అదేనని పత్రికలు మెచ్చుకున్నాయి. దర్శకుడు టోబీకి ఆ చీకటంటే ప్రాణం.

మేరీ వేషం వేసిన అమ్మాయి కీర్తన. తూర్పు లండన్‌లోని ఇల్ఫర్డ్‌లో పుట్టి పెరిగింది. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వాళ్ళమ్మ మొదటిరోజే డబ్బాడు పులిహోరతో వచ్చి, "మీరున్నారన్న ధైర్యంతోనే పంపుతున్నామండీ" అని కీర్తనని నాకు అప్పజెప్పి వెళ్ళింది.

అప్పట్లో మొయిరాతో మాట్లాడిన లాండ్రీ ఆడవాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళందరినీ మా థియేటర్ ఒక గురువారం మ్యాటినీకి పిలిచింది. లండన్ నుంచి కోచ్ బస్సు, ముందు వరుసల్లో సీట్లు, ఆట అయ్యాక టీ, బిస్కెట్లు, ముచ్చట్లు. అంతా మంచి మనసుతో చేసిందే. మా ఎవరికీ తట్టని సంగతి ఒకటి మిగిలిపోయింది. నాటకాలవాళ్ళం కదా, మేరీ అంటే మాకు ఒక పాత్ర. ఆమెకూ ఇల్లూ వాకిలీ ఉంటాయని, మిగతావాళ్ళతోపాటు ఆమెకూ పిలుపు వెళ్తుందని, ఆమె కోటు తొడుక్కుని అదే కోచ్ ఎక్కి వస్తుందని ఒక్కరికీ తోచలేదు.

నా మూల నుంచి మూడో వరుస దాకా కనబడుతుంది. ఆట మొదలయ్యాక ఆ ఆడవాళ్ళు తమ మాటలు తామే విని నవ్వుకుంటున్నారు, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు. మేరీ సన్నివేశం రాగానే అందరి తలలూ ఒకేసారి వరుస చివరికి తిరిగాయి. అక్కడ చీర మీద కార్డిగన్ వేసుకున్న ఒక పెద్దావిడ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని స్టేజీకేసి చూస్తూ కూర్చుంది. నేను గో అన్నాను. గేటు చప్పుడు, చీకటి, బుస. మేరీ అక్కడే కూర్చుని ఆ బుస వింటోంది.

టీ దగ్గర ఆవిడ కిటికీ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. కప్పు వైపు చూస్తూ "ప్రభువా" అనుకుంది. అది ఏ ఊరి ప్రభువో నాకు వెంటనే తెలిసింది.

"మీరు తెలుగువాళ్ళా అమ్మా?"

ఆవిడ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "అవును తల్లీ. చీరాల దగ్గర మాది. సువార్తమ్మ. నువ్వెవరమ్మా?"

చెప్పాను. లైట్లు ఆర్పించేది నేనే అని కూడా చెప్పాను, దాచడం బాగుండదని.

"ఐతే నీకే చెప్పాల. ఆ మాట నేనన్నదే. కాదనటంలా. గేటు కూడా దాటాను. మా ఆయన పక్షవాతమొచ్చి ఆ ఆసుపత్రిలోనే పడున్నాడు. ఆయన పక్కమీద దుప్పట్లు ఎవురో ఒకరు ఉతకాల గదా. అదేం గొప్ప పనని చెప్పటంలా నేను. గానీ ఆ మాట తర్వాత ఇంకో మాట చెప్పాను ఆ దొరసానికి. రోజూ గేటు దాటేటప్పుడు, వాళ్ళు గెలవాలని ప్రార్థన చేసుకుంటా పోయేదాన్ని. అది చెప్పాను. అది వెయ్యలా మీరు."

అటువైపు బల్ల చుట్టూ మిగతా ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో పెద్దది సురీందర్ అనే పంజాబీ ఆవిడ, సమ్మెకి నాయకురాలు. నాటకంలో ఆమెదే మొదటి మాట, ఆమెదే చివరి మాట.

"వాళ్ళు మీతో మాట్లాడరా?"

"హలో అంటారు. చర్చి దగ్గరా బస్టాపు కాడా కనపడితే హలో. అంతే. ఇన్నేళ్ళూ అంతే." ఆవిడ కప్పు కింద పెట్టింది. "వచ్చే నెల ఈ నాటకం మా వైపుకొస్తందంట గదా. మా ఇంటికి రెండు స్టాపుల దూరం. మా చర్చోళ్ళు టిక్కెట్లు కొనుక్కున్నారు. మా మనవరాలి స్కూలు పిల్లల్ని తీసుకొస్తారంట. దానికింకా తెలీదు మేరీ అంటే నేనని. తీసెయ్యమని అడగటంలా తల్లీ. ఆ రెండో మాట కూడా పెట్టమను. రెండూ ఇన్నాక తిట్టేవాళ్ళని తిట్టనీ."

ఎడిన్‌బర్గ్

ప్రెస్ నైట్ ఎప్పుడో అయిపోయింది. నాటకంలో అక్షరం కూడా కదలకుండా చూడడమే నా ఉద్యోగం. నేనే వెళ్ళి నటితో "ఈ మాట కూడా అను" అంటే, అది దొంగతనంతో సమానం. అంచేత ముందు టోబీకి ఫోన్ చేశాను. అతను జర్మనీలో ఉన్నాడు. ఓపిగ్గానే విన్నాడు.

"పాపం, నాకు అర్థమవుతోంది విజయా. కానీ ఆవిడ ఆ మాట అన్నదనడానికి రుజువేమిటి? ముప్పై ఏళ్ళు తనకి తాను చెప్పుకున్న ఓదార్పు కావచ్చు కదా. పైగా అక్కడ ఇంకో మాట వస్తే చీకటి బలం పోతుంది."

అతను చెడ్డవాడేం కాదు. అతను అన్నదాంట్లో మొదటి సగం నాకూ తోచింది. సువార్తమ్మ మాట నిజమో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ "చీకటి బలం పోతుంది" అన్నప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది. ఒక మనిషి తన మనవరాలి ముందు తలెత్తుకోవడం గురించి మాట్లాడుతుంటే ఇతను లైట్ల గురించి మాట్లాడుతున్నాడు. లైట్ల గురించి మాట్లాడడానికి నేనున్నానుగా.

ఈ దేశపు నాటకరంగంలో నాకు నచ్చిన ఆచారం ఒకటుంది. మాటల మీద చివరి అధికారం రచయితదే. దర్శకుడు, నిర్మాత, నటుడు ఎవరూ రచయిత ఒప్పుకోకుండా మాట చేర్చలేరు, తీయలేరు. రచయిత ఒప్పుకుంటే దర్శకుడు తల ఊపక తప్పదు. మొయిరా ఎడిన్‌బర్గ్‌లో ఉందని తెలుసు. చెవులు సరిగ్గా వినబడవని ఫోన్ ఎత్తదు. సెలవున్న ఆదివారం రైలెక్కాను. మా ఆయన "ఇది నీ పనేనా?" అన్నాడు. కాదన్నాను. సాండ్‌విచ్ కట్టిచ్చాడు.

మొయిరా మేడ మీద ఫ్లాట్‌లో ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి చాలాకాలంగా కిందికి దిగడం లేదు. ఎనభై దగ్గర పడినా కళ్ళల్లో చురుకు తగ్గలేదు. ఆ మాట పెట్టమనీ వద్దనీ నేను చెప్పలేదు. సువార్తమ్మ ఏం అడిగిందో ఆమె చెవి దగ్గర గట్టిగా, ఉన్నదున్నట్టు చెప్పాను.

 "టేపులు లేవు. ఇల్లు మారినప్పుడు పారేశాను. ఆ మాట విన్నట్టు గుర్తు లేదు" అంది మొయిరా.

సరే, అయిపోయిందనుకున్నాను.

"విని ఉంటే మాత్రం తీసేసి ఉండేదాన్ని. అది ఉంటే జనం బుస కొట్టరు. అప్పట్లో నాకు ఆ బుస కావాలి. ఆ ఆడవాళ్ళు ఓడిపోతున్నారు. వాళ్ళ కోసం కోపం పుట్టించాలి, కోపానికి ఒక ముఖం కావాలి. ప్రధానమంత్రి ముఖాన్ని తీసుకొచ్చి నిలబెట్టలేం కదా. దొరికిన ముఖం పెట్టాను."

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు జనం ప్రతిదానికీ బుస కొడుతున్నారు విజయా. విని విని విసుగు పుట్టింది." నవ్వి, నా చెయ్యి పట్టుకుంది. "పెట్టు. అబద్ధమైనా పెట్టు. ఆమె మాట అది, నా మాట కాదు. అన్నీ వాళ్ళ మాటలేనని నేనే కదా పోస్టరు మీద వేయించాను."

టోబీకి ఈ సంగతి తానే కంప్యూటర్ మీద రాసి పంపింది. టోబీ ఒకరోజంతా అలిగి, ఆ తర్వాత మర్యాదగా ఒప్పుకున్నాడు. రెండో మాట అవగానే చీకటి పడాలని మాత్రం గట్టిగా చెప్పాడు. అది అతని హక్కు.

కీర్తన ఇల్ఫర్డ్‌లో సువార్తమ్మ ఇంటికి వెళ్ళింది. చేపల పులుసు తిని వచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఆంటీ, ఐ వాజ్ డూయింగ్ ఇట్ ఆల్ రాంగ్. ఐ సెడ్ దట్ లైన్ సో ఎమోషనల్లీ. షీ జస్ట్ లాఫ్డ్. యూ నో వాట్ షీ సెడ్? 'ఏడస్తా చెప్పబాకమ్మా. నేనేడవలా. బస్సుకి టైమైపోతందని చెప్పినట్టు చెప్పాను.'" సువార్తమ్మ మాటలు మాత్రం కీర్తన తెలుగులో చెప్పింది, చీరాల యాసతో సహా. ఆమె నోట తెలుగు వినడం నాకు అదే మొదటిసారి.

తూర్పు లండన్, గురువారం మ్యాటినీ

అక్కడి థియేటర్ చిన్నది, పాత చర్చి హాలు లాంటిది. మ్యాటినీ అంటే పెన్షనర్లు, స్కూలు పిల్లలు. సురీందర్ తన మనుషులతో మళ్ళీ వచ్చింది, ఈసారి సొంతంగా టిక్కెట్లు కొనుక్కుని. సువార్తమ్మ రానంది. "నువ్వే చెప్పు తల్లీ ఎట్టా జరిగిందో" అంది. కానీ లైట్లు తగ్గుతుండగా చూస్తే పక్క వరుసలో ఉంది. యూనిఫారం వేసుకున్న మనవరాలు పక్కన కూర్చుని ఆవిడ చేతిసంచీ పట్టుకుని ఉంది. ఆ పిల్ల తన స్కూలువాళ్ళ దగ్గర కూర్చోకుండా ఇక్కడ కూర్చుందంటే, సువార్తమ్మ మేరీ సంగతి ముందే చెప్పేసి ఉంటుందనుకున్నాను.

 మేరీ వచ్చింది. లైట్ల మనిషికి స్టాండ్ బై చెప్పాను. కీర్తన కోటు గుండీ పెట్టుకుంటూ, "నాకు మా ఇల్లు ముఖ్యం. మీ పోరాటం మీది" అంది. ఎక్కడో ఒకచోట బుస అప్పుడే మొదలైంది. చీకటి పడలేదు. బుస కొట్టినవాళ్ళు వెలుగులో దొరికిపోయి ఆగిపోయారు.

కీర్తన రెండో గుండీ పెట్టుకుంది. "రోజూ గేటు దాటేటప్పుడు, వాళ్ళు గెలవాలని ప్రార్థన చేసుకుంటూ వెళ్ళేదాన్ని." బస్సుకి టైమవుతోందని చెప్పినట్టే చెప్పింది.

నేను గో అనాలి. నోరు తెరిచాను కూడా.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

మూడో వరుసలోంచి వచ్చిందా గొంతు. సురీందర్. ఆమె అడిగింది కీర్తనని కాదు. సీట్లో పూర్తిగా పక్కకి తిరిగి, సువార్తమ్మని చూస్తూ అడిగింది. గట్టిగా, ఇంగ్లీషులో, అప్పట్లో గేటు ముందు మాట్లాడిన గొంతుతో.

చెవిలో లైట్ల అబ్బాయి "విజయా? విజయా?" అంటున్నాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో మా వృత్తిలో అందరికీ తెలుసు. చీకటి చేసేసి, తర్వాతి సన్నివేశానికి వెళ్ళిపోవాలి. ప్రేక్షకుల గొడవ ప్రేక్షకులది, నాటకం ఆగకూడదు. నేను "హోల్డ్" అన్నాను. ఆగమని.

కీర్తన కదలకుండా నిలబడింది. ఆ అమ్మాయికి నా నమస్కారం. కళ్ళు కూడా తిప్పలేదు.

సువార్తమ్మ ముందు సీటు పట్టుకుని నెమ్మదిగా లేచింది. మనవరాలు మోచెయ్యి పట్టుకుంది. 

"మీరు అడగలేదు సురీందర్" అంది ఇంగ్లీషులో, పదం పదం కూడదీసుకుంటూ. "ఇవాళే అడిగారు."

 తన పక్కన ఉన్నావిడ ఏదో గొణిగితే సురీందర్ చేత్తో ఆపేసింది. రాజకీయ నాటకాలు రాసినవాళ్ళం, ఆడినవాళ్ళం, మెచ్చుకున్నవాళ్ళం ఇన్నేళ్ళూ ఆ గేటు చప్పుడే వింటూ వచ్చాం. ఈ ప్రశ్న అడగడం మాలో ఒక్కరికీ తోచలేదు.

"మేం ఓడిపోయాం, తెలుసా?" అంది సురీందర్. గొంతు తగ్గింది.

"తెలుసు. నేను లోపలి నుంచి చూశాను."

నా కళ్ళు నిండిపోయాయి. బల్ల మీది బల్బు నాకు సరిగ్గా కనబడలేదు.

"సరే" అంది సురీందర్ చివరికి, సీట్లో ముందుకు తిరుగుతూ. "ఈ పిల్లల్ని నాటకం పూర్తి చేసుకోనీ. తర్వాత నా దగ్గర కూర్చుని చెప్పు. మొదటి నుంచి చెప్పు."

"చెప్తాను" అంది సువార్తమ్మ, కూర్చుంటూ.

అప్పుడు నేను గో అన్నాను.